ముదురు ఆకుల గోడకు ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: విశాఖపట్నంలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో, మూడో అంతస్తులో మా ఫ్లాట్ ఉంది. పడకగది 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. పడమటి గోడకు పెద్ద కిటికీ, తూర్పు గోడకు తలుపు ఉన్నాయి. దక్షిణపు గోడకు ఆనించి మా అమ్మమ్మగారి టేకు పట్టెమంచం వేసుకున్నాము. ఉత్తరపు గోడకు అవతల స్నానాలగది ఉంది. ఏటా వానాకాలంలో ఆ గోడ కింది భాగం పెచ్చులూడుతుంది. అదే గోడకు తెల్లటి వార్డ్‌రోబ్ ఉంది. నేలంతా మెరిసే తెల్లటి టైల్స్. దాదాపు నల్లగా కనిపించే ముదురు ఆకుపచ్చ మీద పెద్ద పెద్ద ఆకులు, పూలు ఉన్న వాల్‌పేపర్ ఒకటి నాకు బాగా నచ్చింది. గది గుహలా తయారవుతుందని, వేడెక్కుతుందని మావారి భయం. పడకగదికి నల్లగోడ ఏమిటని అత్తయ్యగారు అంటున్నారు. మంచం వెనక గోడ ఒక్కదానికే వేయించుకోమని, 2 రోల్స్ సరిపోతాయని దుకాణంవారు చెప్పారు. శ్రావణమాసంలోపు పని ముగించాలని ఉంది. ఇది మంచి ఆలోచనేనా? వేయిస్తే ఒక గోడకా, నాలుగు గోడలకా?

— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ ఆలోచన మంచిదే, వేయించుకోండి. అయితే ఒక గోడకు కాదు, నాలుగు గోడలకూ కాదు, రెండు గోడలకు వేయించుకోండి. అదీ శ్రావణంలోపు కాదు, సంక్రాంతి వెళ్ళాక. మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన పెచ్చులూడే గోడ సంగతి తేలేవరకు ఒక్క రోల్ కూడా కొనవద్దు. మీ ఇంట్లో చర్చ అంతా రంగు చుట్టూ తిరుగుతున్నట్టుంది. నా అనుభవంలో ఇలాంటి గదులు రంగు వల్ల పాడైనవి తక్కువ, చెమ్మ వల్లా చౌక దీపం వల్లా పాడైనవి ఎక్కువ.

ముందుగా మీవారి గుహ భయం గురించి చెబుతాను, ఎందుకంటే అది అర్థంలేని భయం కాదు. తెల్లటి గోడ తనమీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ళకు పైగా తిరిగి గదిలోకి పంపుతుంది. మీరు మెచ్చిన ముదురు ఆకుపచ్చ పది పాళ్ళు కూడా పంపదు. కాబట్టి ఇప్పుడున్న దీపాలనే ఉంచి నాలుగు గోడలూ ముదురు చేస్తే గది నిజంగానే గుహ అవుతుంది. కానీ చీకటి రంగు గదిని చిన్నది చేస్తుందన్న మాట మాత్రం సగమే నిజం. తెల్లగోడల గదిలో రెండు గోడలు కలిసే మూలలు, నీడల గీతలు స్పష్టంగా కనబడి, గది ఎక్కడ ముగుస్తుందో కంటికి వెంటనే తెలిసిపోతుంది. ముదురు గోడల గదిలో ఆ మూలలు కరిగిపోతాయి. రాత్రి దీపం పక్కన కూర్చుంటే ఆకుల వెనక ఇంకా ఎంత దూరముందో తెలియదు. పడకగదిని మనం ఎక్కువగా వాడేది రాత్రిపూటే కాబట్టి ఈ గుణం అక్కడ బాగా పనికొస్తుంది. పిల్లలు చదువుకునే గదికో, వంటగదికో అయితే నేను వద్దనే చెప్పేదాన్ని.

దుకాణంవారి ‘ఒక్క గోడ’ సలహా మీ గదికి ఎందుకు నప్పదో చెబుతాను. మిగిలిన మూడు గోడలూ, నేలా, వార్డ్‌రోబూ తెల్లగా మెరుస్తుండగా మధ్యలో ఒక్క నల్లటి చతురస్రం పెడితే, అది గోడగా కాక, గోడకు అతికించిన పెద్ద క్యాలెండరులా కనబడుతుంది. అలవాటుపడిన కళ్ళకు ఏడాది తిరగకుండానే విసుగు పుట్టించేది ఈ సగం సగం పనే. అందువల్ల నా లెక్క ఇది: మంచం వెనక దక్షిణపు గోడకు, దాన్ని ఆనుకుని ఉన్న తూర్పు గోడకు కాగితం అతికించండి. పడమటి గోడకు, ఉత్తరపు గోడకు ఆ కాగితం నేపథ్యంలోని ముదురు ఆకుపచ్చను రంగుల దుకాణంలో సరిపోల్చి, దానికంటే ఒక మెట్టు లేతగా, మెరుపు లేని ఎమల్షన్ వేయించండి. తూర్పు గోడే ఎందుకంటే, పడమటి కిటికీలోంచి వచ్చే సాయంకాలపు ఎండ దానిమీదే పడుతుంది. పగలంతా ముదురుగా ఊరుకున్న ఆకులు ఐదింటికి ఒక్కొక్కటిగా పైకి తేలడం ఆ గోడమీదే చూస్తారు. ఉత్తరపు గోడను ఎందుకు వదిలానో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. పడమటి గోడ సంగతి తరువాత వస్తుంది.

ఇంత చెప్పినా మీవారికి నమ్మకం కుదరకపోవచ్చు. దానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. మీ బీరువాలో సీసాకుపచ్చ రంగువో, ముదురు నెమలికంఠం రంగువో పాత నూలు చీరలు మూడు నాలుగు తీయండి. మంచం వెనక గోడ పైభాగాన ఒక తాడు కట్టి, ఆ చీరలను మడతలు లేకుండా పక్కపక్కనే గోడ నిండేలా వేలాడదీయండి. చీర పన్నా సుమారు 45 అంగుళాలు ఉంటుంది కాబట్టి 12 అడుగుల గోడకు మూడు దాదాపుగా, నాలుగైతే నిండుగా సరిపోతాయి. మూడు రాత్రులు అలాగే పడుకోండి. మొదటి రాత్రి వింతగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూడో రాత్రి ట్యూబ్‌లైట్ ఆర్పి, మంచం పక్కన పసుపుపచ్చని బల్బు ఒక్కటి వెలిగించి, అప్పుడు మీవారిని అడగండి. అప్పటికీ ఆయనకు ఊపిరాడనట్టుంటే మాత్రం, ఆ గదిలో సగం ఆయనది కూడా కనుక, ఈ కోరికను హాలు పక్కనున్న చిన్న వసారాకో, చదువుకునే మూలకో మార్చుకోవడమే న్యాయం.

అత్తయ్యగారి అభ్యంతరాన్ని శాస్త్రమంటూ, మూఢనమ్మకమంటూ వాదనకు పెట్టకండి. ఆమెకు నచ్చనిది నలుపు. మీకు కావలసింది నిజానికి నలుపు కాదు. అచ్చమైన నల్లని నేపథ్యం రాత్రి దీపం కింద చదునుగా, ప్రాణం లేకుండా కనబడుతుంది. సీసాకుపచ్చలోనో, ముదురు నీలంలోనో లోతు ఉంటుంది. కాబట్టి ఆకుపచ్చ నేపథ్యాన్నే ఎంచుకోండి. ఇది ఆమెను మభ్యపెట్టడానికి చెబుతున్న ఉపాయం కాదు, నమూనాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీరూ అదే ఎంచుకుంటారు. పైగా మీరు దక్షిణం వైపు తలపెట్టి పడుకుంటున్నారు కనుక ఆమె సంతోషించే విషయం ఒకటి ఇప్పటికే ఆ గదిలో ఉంది.

ఆమెతో మాట్లాడేటప్పుడు పనికొచ్చే మరో సంగతి. ముదురు నేపథ్యం మీద పూలు అన్నది నిన్నమొన్నటి మోజు కాదు. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు, ముఖ్యంగా రేచల్ రాయిష్ (1664–1750), దాదాపు నల్లని వెనకతలం మీద పూలగుత్తులను గీశారు. ఇప్పుడు దుకాణాల్లో కనబడే ముదురు పూల కాగితాల్లో చాలావాటికి మూలం ఆ చిత్రాలే. గోడనిండా అల్లుకునే తీగలకూ పూలకూ మరో మూలం మన తీరంలోనే ఉంది. మచిలీపట్నం మొదలుకొని కోరమాండల్ రేవుల నుంచి ఓడలెక్కిన పూల నూలుబట్టలకు యూరపులో ఎంత గిరాకీ ఏర్పడిందంటే, అక్కడి నేతగాళ్ళను కాపాడడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్టల మీద నిషేధాలు పెట్టాయి. గోడకాగితాలు చేసేవారు ఆ బట్టల మీది తీగలను కాపీ కొట్టుకున్నారు. ఇనుప తుక్కు, బెల్లం, నీళ్ళు కలిపి పులియబెట్టి చేసే నల్లరంగుతోనే కలంకారీలో పూవుకు అంచు గీస్తారు. ఆ నలుపే లేకపోతే పూవుకు రూపం లేదు. అత్తయ్యగారి పెట్టెలో ఒక్క పెడన చీరైనా ఉంటే, దాన్ని తీసి ఆ నల్లగీతలు ఆమెకే చూపించండి.

ఇక బొమ్మ ఎంపిక. చిన్న గదికి చిన్న పూలు అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ముదురు నేపథ్యం మీద రెండంగుళాల పూలు, సన్నని ఆకులు వేస్తే, పదడుగుల దూరం నుంచి చూసేటప్పుడు అవి కలిసిపోయి దుమ్ము పట్టిన గోడలా కనబడతాయి. ఆకు ఒక్కొక్కటి కనీసం అడుగు, అడుగున్నర ఉండాలి. వాటి మధ్య ఖాళీ చీకటి కూడా ఉండాలి. నమూనా పుస్తకంలో చూసేటప్పుడు బొమ్మ మరీ పెద్దదనిపిస్తే అదే సరైన కొలత అని నేను చెబుతుంటాను. రంగుల్లో రెండు ఆకుపచ్చలు, ఒక ఇటుకరంగో వంగపండు రంగో, ఎక్కడో ఒకచోట మజ్జిగ రంగు పూవు ఉంటే చాలు. చిలకాకుపచ్చ ఎక్కువైతే గదిలోని గాంభీర్యం పోయి హోటల్ వాతావరణం వస్తుంది. అరటాకుల కాగితం మాత్రం నా వ్యక్తిగత బలహీనత కొద్దీ వద్దంటాను. దాని కింద పడుకుంటే నాకు పప్పూ నెయ్యీ గుర్తొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, మీ ఉత్తరపు గోడ. ఏటా వానాకాలంలో ఒకేచోట పెచ్చులూడుతోందంటే రెండు దారులున్నాయి: స్నానాలగదిలోని టైల్స్ సందుల్లోంచి నీరు గోడలోకి దిగడం, లేదా గోడలో ఉన్న పైపు అతుకు కారడం. ఏడాది పొడవునా కాక వానాకాలంలోనే ఊడుతోందని మీరు రాశారు. అంటే గోడలో తడి ఎప్పుడూ కొంత ఉండి, గాలిలో చెమ్మ పెరిగే రోజుల్లో ఆరలేకపోతోందేమోనని నా అనుమానం. గదివైపు ఎన్నిసార్లు లప్పం పెట్టించినా ఇది ఆగదు. స్నానాలగది వైపు నుంచే పని మొదలుపెట్టాలి: ప్లంబర్‌చేత పైపులు పరీక్ష చేయించి, టైల్స్ సందులను గీకి కొత్తగా నింపించాలి. ఆ తరువాత గదివైపు వార్డ్‌రోబును జరిపి, ఉప్పు పట్టిన సిమెంటును ఇటుక కనబడేదాకా చెక్కించి, నీరు పట్టని మిశ్రమంతో మళ్ళీ పూత వేయించాలి. కొత్త పూత ఆరడానికి కనీసం నాలుగు వారాలు ఇవ్వండి. మీ ఊరి గాలికి ఆరు వారాలైనా ఆశ్చర్యం లేదు. శ్రావణంలోపు వద్దనడానికి ఇదే కారణం. మీ ఊళ్ళో వానలు నవంబరు దాకా వదలవు. గోడలు నిజంగా పొడిగా ఉండేవి జనవరి నుంచి మార్చి దాకానే.

తొందరపడితే ఏమవుతుందో నాకు నా ఇంటివల్లే తెలిసింది. చాలా ఏళ్ళ క్రితం, ఇంట్లో పెళ్ళి దగ్గరపడుతోందని, శ్రావణంలో గోడ ఇంకా చల్లగా తగులుతున్నా పట్టించుకోకుండా అతిథుల గదికి ముదురు తీగల కాగితం వేయించాను. పెళ్ళికి వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. దీపావళికి ఆ గది తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. గోడంతా వెతికినా ఎక్కడా మచ్చ కనబడలేదు. చివరికి మంచం వెనక ఒక అతుకు దగ్గర గోటితో లేపి చూస్తే, కాగితం వెనక అరచేయంత మేర నల్లటి బూజు ఆకు ఆకారంలోనే పరుచుకుని ఉంది. ముదురు బొమ్మలో ఉన్న ప్రమాదం ఇది: లేత కాగితం మీద బూజు మచ్చ మొదటి వారంలోనే బయటపడుతుంది, ముదురు కాగితం మాత్రం దాన్ని దాచేస్తుంది. కాబట్టి ఇలాంటి గదిలో కంటిని కాదు, ముక్కును నమ్మండి.

గోడ పొడిగా ఉందో లేదో తెలుసుకోవడానికి, రెండడుగుల చదరంలో మందపాటి పారదర్శకపు ప్లాస్టిక్ కాగితాన్ని కత్తిరించి, నాలుగు అంచులకూ టేపు అతికించి గాలి చొరకుండా గోడకు మూసివేయండి. రెండు రాత్రులు ఉంచి తీయండి. ప్లాస్టిక్ లోపలివైపు చెమ్మ బిందువులు కట్టినా, దాని కింద గోడ రంగు ముదిరినా ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదు. కాగితం వేయబోయే రెండు గోడలకూ, నేలకు అడుగు ఎత్తులో ఒకటి, నడుమెత్తులో ఒకటి చొప్పున ఈ పరీక్ష చేయండి. ఉత్తరపు గోడకు కాగితం వేయబోకపోయినా, పెయింట్ వేయడానికి ముందు అక్కడా చేయడం మంచిది. ఆ గోడకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆయిల్ పెయింట్ వేయించకండి. కడగడానికి బాగుంటుందని పెయింటర్ చెబుతాడు, కానీ అది లోపలి తడిని బయటకు పోనివ్వదు. మళ్ళీ అదే చోట బుడగలు లేస్తాయి.

పడమటి గోడను ఎందుకు వదలమన్నానో ఇప్పుడు చెబుతాను. అది బయటి గోడ. తుపాను గాలికి వాన అడ్డంగా కొట్టే ఊరు మీది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. అదీకాక రాత్రంతా ఏసీ వేస్తే గోడ లోపలివైపు చల్లబడుతుంది, బయటి గాలి వేడిగా, తేమగా ఉంటుంది. ఆ తేమ గోడగుండా చల్లని వైపుకు మెల్లగా ప్రయాణిస్తుంది. అక్కడ ప్లాస్టిక్ పూత ఉన్న వినైల్ కాగితం అడ్డుగా ఉంటే, తేమ దాని వెనకే నిలిచి బూజవుతుంది. వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఏసీ హోటళ్ళు ఈ పొరపాటువల్లే గదులకు గదులు ఊడదీయించుకున్నాయి. మీరు లోపలి గోడలకే వేస్తున్నా, వినైల్‌కు బదులు నాన్‌-వోవెన్ రకం అడగండి. అది గాలి ఆడనిస్తుంది, తడికి సాగదు, జిగురును కాగితానికి కాక నేరుగా గోడకే పూస్తారు కాబట్టి పని శుభ్రంగా సాగుతుంది, పైగా అద్దెకు ఇవ్వవలసి వచ్చినా, మనసు మారినా, పట్టీ పట్టీగా ఊడివస్తుంది. జిగురులో బూజునిరోధకం కలిసిందో లేదో డబ్బామీద చూసి తీసుకోండి.

రెండు రోల్స్ సరిపోతాయన్న లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం, ఎందుకంటే ఈ తప్పు చాలామంది ఇళ్ళలో పని మధ్యలో బయటపడుతుంది. మామూలు రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు ఉంటుంది. అంటే దాదాపు 57 చదరపు అడుగులు. మీ దక్షిణపు గోడ 12 అడుగులు, తొమ్మిదిన్నర అడుగులు, అంటే 114 చదరపు అడుగులు. భాగిస్తే ముచ్చటగా రెండు. కానీ కాగితాన్ని చదరపు అడుగుల్లో అతికించరు, నిలువు పట్టీల్లో అతికిస్తారు. మీ గోడ ఎత్తు సుమారు 2.9 మీటర్లు, పైనా కిందా కోతకు పది సెంటీమీటర్లు కలిపితే 3 మీటర్లు. పెద్ద ఆకుల బొమ్మ సాధారణంగా 64 సెంటీమీటర్లకొకసారి తిరిగి వస్తుంది. పక్క పట్టీతో ఆకు ఆకుకు కలవాలంటే ప్రతి పట్టీనీ ఆ కొలతకు గుణిజంగా కత్తిరించాలి; అంటే అయిదు ఆవృత్తులు, 3.2 మీటర్లు. ఒక రోల్‌కు అలాంటి పట్టీలు మూడే వస్తాయి, మిగిలిన అర మీటరు ముక్క తలుపు పైభాగానికి తప్ప పనికిరాదు. 12 అడుగుల గోడకు 7 పట్టీలు, 11 అడుగుల తూర్పు గోడకు మరో 7, తలుపు వల్ల ఒకటి తగ్గుతుందనుకుంటే మొత్తం 13. రోల్‌కు మూడు చొప్పున 5 రోల్స్. ఒకటి అదనంగా, 6 కొనండి. బొమ్మ పక్క పట్టీలో సగం కిందికి దిగే రకమైతే కోతలో ఇంకొంచెం పోతుంది, ఆ అదనపు రోల్ అప్పుడు అక్కరకొస్తుంది. అన్ని రోల్స్ మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ముదురు ఆకుపచ్చలో రెండు బ్యాచ్‌ల తేడా పగటి వెలుతురులో గీత గీసినట్టు తెలుస్తుంది. గోడ కొలతకు ఒకే పెద్ద బొమ్మగా ముద్రించి ఇచ్చే రకమైతే ఈ లెక్క వర్తించదు. గోడను మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటే పెద్ద కొలతకు నాలుగు వైపులా రెండంగుళాలు కలిపి ఇవ్వండి.

అతికించే రోజున మీరు ఇంట్లో ఉండండి. ముదురు కాగితంలో అతుకులు తెల్లగా మెరవడం సర్వసాధారణమైన ఫిర్యాదు. కాగితం పైన ముద్రణ ముదురైనా లోపల పొర తెల్లనిదే కాబట్టి, కోసిన అంచు దగ్గర వెంట్రుకవాసి తెల్లగీత కనబడుతుంది. దీనికి విరుగుడు రెండు పనుల్లో ఉంది. లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసేటప్పుడే ఆ ప్రైమర్‌లో కాగితపు నేపథ్యం రంగు కలిపించండి. అప్పుడు అతుకు సందులోంచి తెల్లగోడ తొంగిచూడదు. రెండోది, ప్రతి పట్టీ అంచునూ అతికించడానికి ముందు అదే రంగు పొడి సుద్దతో సన్నగా రాయించండి. పనివాళ్ళు ‘ఎవరు చూస్తారండీ’ అంటారు. మీరే చూస్తారు, ప్రతి రాత్రీ. మొదటి పట్టీని మూల నుంచి మొదలుపెట్టనివ్వకండి, మన ఇళ్ళ మూలలు నిటారుగా ఉండవు. దారానికి బరువు కట్టి పైనుంచి వేలాడదీసి, ఆ గీతకు మొదటి పట్టీ పెట్టాలి. మంచం సరిగ్గా మధ్యన ఏ పూవు రావాలో మీరే తేల్చి, అక్కడి నుంచి రెండు వైపులకూ సాగండి. ఎక్కడో ఒకచోట బొమ్మ కలవకపోవడం తప్పదు. దాన్ని తలుపు తెరిస్తే దాగిపోయే మూలకు తీసుకెళ్ళడమే పనితనం. రెండు గోడలూ ఆరేవరకు రెండు రోజులు ఏసీ, ఫ్యాన్ వేయకండి, వేగంగా ఆరితే అతుకులు విడతాయి.

దీపాల గురించి ఎంత చెప్పినా తక్కువే. మీ గదిలో ఇప్పుడున్నది తెల్లటి ట్యూబ్‌లైటే అనుకుంటాను. మన ఇళ్ళలో ఎక్కువగా కనబడేది 6500 కెల్విన్ నీలపు తెలుపు (కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుపచ్చనవుతుంది). దాని కింద ముదురు ఆకుపచ్చ బూడిదరంగవుతుంది, ఇటుకరంగు పూవు ఎండిన రక్తంలా కనబడుతుంది. వాల్‌పేపర్ వేయించుకుని నిరాశపడినవారిలో చాలామంది కాగితాన్ని తిట్టారు గానీ తప్పు దీపానిది. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య, రంగులను నిజంగా చూపే సీఆర్‌ఐ 90కి పైన ఉన్న బల్బులు తీసుకోండి. ఒక పెద్ద దీపానికి బదులు నాలుగు చిన్నవి పెట్టండి: మంచానికి రెండు వైపులా ఒక్కొక్కటి, తూర్పు మూలలో నేలమీద నిలబెట్టే దీపం ఒకటి, వార్డ్‌రోబ్ పక్కన ఒకటి. దీపాలు కంటి ఎత్తుకు అటూ ఇటూ ఉండాలి, పైకప్పులో కాదు. ఫాల్స్ సీలింగ్ అంచున గోడను రాసుకుంటూ వెలుగు దించే పట్టీదీపాలు పెట్టిస్తామంటే ఒప్పుకోకండి. అలా పక్కనుంచి పడే వెలుతురులో లప్పంలోని ప్రతి గతుకూ, ప్రతి అతుకూ కొండలోయల్లా కనబడతాయి. ట్యూబ్‌లైట్‌ను పీకేయనక్కరలేదు. పడిపోయిన చెవిదుద్దు వెతుక్కోవడానికి అది ఉండాలి.

గది వేడెక్కుతుందన్న మాటకు సమాధానం చిన్నదే. లోపలి గోడ రంగువల్ల దాదాపు తేడా ఉండదు. వేడి వస్తున్నది పడమటి గోడ బయటి ముఖం నుంచి, కిటికీ అద్దం నుంచి. అక్కడ నీడ కల్పిస్తే చల్లబడుతుంది, లోపల తెల్లరంగు వేసినంత మాత్రాన కాదు. కానీ ఆ ఎండ మరో పని చేస్తుంది: తూర్పు గోడమీది రంగును ఏళ్ళ తరబడి వెలిసిపోయేలా చేస్తుంది. రోల్ చీటీమీద సూర్యుడి గుర్తు ఉంటుంది, సగం సూర్యుడున్నది కొనకండి, నిండు సూర్యుడో, పక్కన కూడిక గుర్తో ఉన్నది చూసుకోండి. నీటి అలల గుర్తు తుడవడానికి సంబంధించినది. ఒక్క అల ఉంటే తడిబట్ట అద్దడం వరకే, రెండు మూడు ఉంటే నిజంగా కడగవచ్చు. కిటికీకి అస్తరు ఉన్న కర్టెన్ వేసి, మూడింటి నుంచి నాలుగున్నర దాకా మూసి ఉంచండి. ఐదింటి ఎండను మాత్రం రానివ్వండి, దానికోసమేగా ఆ గోడను ఎంచుకున్నాము.

సామాను విషయంలో మీరు అదృష్టవంతులు. టేకు పట్టెమంచానికి ముదురు ఆకుపచ్చకంటే మంచి వెనకతలం లేదు. చెక్కలోని ఎరుపు పైకి తేలుతుంది. దానికి పాలిష్ మెరుపు పెట్టించకుండా నూనెగుడ్డతో తుడిచి వదిలేయండి. పరుపు మీద మళ్ళీ పూల దుప్పటి వేయకండి. మజ్జిగ రంగు సాదా చేనేత దుప్పటి చాలు. మెరిసే తెల్లటి నేలే మీ గదికి పెద్ద చిక్కు, టైల్స్ మార్చలేరు కాబట్టి మంచం చుట్టూ ఒక వరంగల్ జంపఖానా పరవండి, ఇటుకరంగు చారలున్నది దొరికితే మరీ మంచిది. వార్డ్‌రోబ్ తలుపులకు మెరుపు లేని ముదురు ఆకుపచ్చో, టేకు రంగో పైపొర వేయించవచ్చు. కాగితానికి పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకునైనా ఈ పని చేయించండి, లేకపోతే నాలుగో గోడ ఒక తెల్లటి ఫ్రిజ్‌లా నిలబడుతుంది. పైకప్పును మంచుతెలుపులో వదలకుండా ఒక్క చుక్క ఆకుపచ్చ కలిపిన మజ్జిగ తెలుపు వేయిస్తే గోడకూ కప్పుకూ మధ్య గీత మెత్తబడుతుంది. ఆకుల మధ్య మెరిసే తెల్లటి ప్లాస్టిక్ స్విచ్‌బోర్డుల పలకలను బూడిదరంగువాటితో మార్చేయండి.

మిగిలిన రోల్‌ను ప్లాస్టిక్‌లో చుట్టి, అటక మీద నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే అంచులు నలుగుతాయి. దాని చీటీని చింపి పారేయవద్దు.

ప్రస్తుతానికి ప్లంబర్‌ను పిలిచి పైపులు చూపించండి, చీరల పరీక్ష చేయండి. నవంబరు చివర మూడు గోడలకూ ప్లాస్టిక్ కాగితాలు అతికించి, తీసిన రోజున వాటి వెనక ఏం కనబడిందో ఏ గోడకు ఆ గోడ విడిగా రాసి పంపితే, తేదీ అప్పుడు ఖాయం చేద్దాం.